ముందుకెళ్లని అడుగు

వర్క్‌షాప్ మూలలో ఒక యంత్రం
మడమ, వేళ్లు, మడమ, వేళ్లు అంటూ
మనిషి లేని పాదాన్ని రాత్రంతా దంచుతుంది.
రోట్లో గింజలున్నాయో లేదో
రోకలికి అక్కర్లేదు.
పొద్దున లెక్క చూశాను, పదమూడు లక్షల పోట్లు.
కార్బన్ రేకు ఎక్కడా చిట్లలేదు.

ఆ రేకు కింద చిన్న దిమ్మె ఉంటుంది,
అగ్గిపెట్టెలో సగం.
వేళ్లవైపు జరిపితే పాదం బిగుస్తుంది,
మడమవైపు లాగితే మెత్తబడుతుంది.
పట్టూ విడుపూ అని మనుషుల గురించి అంటామే, అదే,
ఇరవై ఎనిమిది మిల్లీమీటర్ల దారిలో.

మొదటి ఏడాదంతా ఒకటే తప్పు చేశాను.
పాదం నేలమీద ఉండగా దిమ్మెను జరపబోయాను.
డెబ్భై కిలోల కింద మోటారు మూలిగి, వేడెక్కి,
ఓ సాయంత్రం పొగ వదిలింది.
డెల్‌రాయ్ టీ కప్పు పక్కన పెట్టాడు:
"నెత్తిన బరువున్నప్పుడు మారమంటే ఎవరు మారతారు?
గాల్లో ఉన్నప్పుడు అడుగు."
గాల్లో ఉండేది
సెకనులో సగం కూడా కాదు.
ఆ సందులోనే, దాటొచ్చిన అడుగు చెప్పింది విని
రాబోయే నేల ఎలాంటిదో ఊహించి
దిమ్మె జరిగి కూర్చోవాలి.

మంగళవారం లొరేన్ ఓల్డ్‌రాయిడ్ వచ్చింది.
షెఫీల్డ్‌లో, వాక్లీ ఎత్తుల్లో
ముప్పై ఒక్క ఏళ్లు ఉత్తరాలు పంచిన మనిషి.
వ్యాను గుద్దింది మాత్రం కొండమీద కాదు,
సూపర్‌మార్కెట్ ముందు, పలకలా చదునైన చోట.
అది చెప్పి తనే నవ్వుతుంది.
లైనర్ కిందికి దొర్లించి
మోకాలి దిగువ మిగిలింది చూపించింది.
"మీ భాషలో దీన్నేమంటారు?"
మొండి అన్నాను.
ఎవరు చెప్పినా వినని మనిషిని కూడా అదే అంటామన్నాను.
"మొండి," అంది రెండుసార్లు,
కొత్తగా కట్టించుకున్న పన్నును నాలుకతో తడుముకున్నట్టు.
"అయితే మీవాళ్లకి నేను ముందే తెలుసన్నమాట."

బ్లేక్ స్ట్రీట్‌కి తీసుకెళ్లాం.
నడిచేవాళ్లు పట్టుకోడానికి ఇనుప కమ్మీ ఉన్న వీధి.
నా లెక్క ప్రకారం ఎక్కేటప్పుడు పాదం మెత్తగా ఉండాలి,
ఊపిరి నాలుగు శాతం ఆదా.
నాలుగో ఇంటి దగ్గర ఆగిపోయింది.
"బురదలో కాలేసినట్టుంది పిల్లా. బిగించు."
బిగించాను.
తెరమీద ఊపిరి అంకె పెరిగింది.
ఆవిడ భుజాలు దిగాయి,
కమ్మీ మీంచి చెయ్యి తీసేసింది,
లేని సంచీ పట్టీని సర్దుకుంది.
నా నోట్‌బుక్‌లో దానికి గడి లేదు.

తర్వాత వాళ్ల వంటింట్లో, కెటిల్ మరిగేలోగా,
గట్టుకి ఆనుకుని అడిగింది:
"నడవడానికి ఏడు రకాలిచ్చావు.
నిలబడ్డానికేదీ?"

నిలబడ్డానికి.
గిన్నెలు కడగడానికి, బస్సు కోసం,
అంత్యక్రియల్లో పాదిరీ ముగించేదాకా,
తలుపు సగం తీసి పక్కింటామెతో గంట మాట్లాడ్డానికి.
ఆరేళ్లుగా నేను గీసిన మనిషి
నడుస్తూనే ఉన్నాడు, ఒక్కసారీ ఆగలేదు.

చిక్కేమిటంటే, నిలబడ్డాక దిమ్మె కదలదు.
ఆగబోతున్నామన్న సంగతి
ఆఖరి అడుగు గాల్లో ఉండగానే తెలియాలి.
అది మనుషులకే తెలీదు.

"ఇలా చూడు," అంది.
కుడికాలు వేలెడంత ఎత్తి అక్కడే దించింది,
గేటు తీసేముందు కుక్క ఉందేమో చెవొగ్గినట్టు.
"అన్నేళ్లూ ఇలాగే నిలబడ్డాను."

ముందుకెళ్లని అడుగు.
ఇన్నాళ్లూ మా ప్రోగ్రాము దాన్ని
పొరపాటని పారేస్తోంది.

ఇవాళ రాత్రి ఆ వరుస మారుస్తున్నాను.
మూలన రోకలి దంచుతూనే ఉంది.
రేపు ఆవిడ కెటిల్ పెట్టి కాలెత్తి దించితే
పాదం బిగుసుకుని ఊరుకోవాలి.
ఊరుకోవడానికి
బ్యాటరీ ఎంత ఖర్చవుతుందో
ఇంకా లెక్క తేలలేదు.