డిక్కీకి కొలతలు

పోర్ట్ ఎలిజబెత్‌లో గాలికి పనీపాటా ఉండదు.
ఆరేసిన దుప్పటిని పక్కవీధికి పంపేస్తుంది,
చర్చి మెట్ల మీద టోపీలు లాగుతుంది.
ఊరికి ఈమధ్య పేరు మార్చారు,
పలకాలంటే నాలుక అంగిట్లో టక్కుమనాలి.
గాలి మాత్రం పాతదే.

ఆ గాలిలో నిలబడి
వెర్నా అరెండ్స తన కారుకి
వెనక రెక్క వెతుకుతోంది.

డెబ్భై ఒకటి కాప్రి. ఆవపువ్వు రంగు.
ఈ ఊరి ఫ్యాక్టరీలోనే పుట్టింది.
సీట్లు కుట్టే వరసలో అప్పుడు వెర్నా ఉంది,
పద్దెనిమిదేళ్ళ పిల్ల, వేలికి ఇత్తడి తొడుగు.
"ఇవి నేను కుట్టినవే అయ్యుండొచ్చు,
కాదని ఎవడు చెప్తాడు?" అంటుంది.

మొదటిది పార్సిల్లో వచ్చింది, ఫైబర్‌గ్లాస్.
ఏ కాప్రికైనా సరిపోతుందని అట్టపెట్టె మీద రాసుంది.
అందరికీ సరిపోయే రవిక ఎవరికీ సరిపోదు,
అది ఆమెకి యాభై ఏళ్ళుగా తెలుసు.
పెట్టి చూస్తే ఎడమ మూల లేచింది,
సందులో రెండు నాణేలు దూరాయి.

రెండోది రబ్బరు. మాట వినే రకం,
ఎక్కడ నొక్కితే అక్కడ కూర్చుంది.
కానీ మరీ ఎత్తు;
అద్దంలో వెనక రోడ్డు సగమే మిగిలింది.
ఆ బరువుకి డిక్కీ పైన నిలవక
మేనల్లుడు ట్రెవిన్ నెత్తిన దిగింది.
"నీ తలకైతే కుదిరింది" అంది వెర్నా.

తల రుద్దుకుంటూ వాడు డ్రిల్లు తెచ్చాడు.
మొదటిదానికే నాలుగు బోల్టులు బిగిస్తే
అదే దారికొస్తుందన్నాడు.
ఆమె డిక్కీ మీద చెయ్యి వేసి, తియ్యలేదు.
గుడ్డమీద కత్తెర తప్పితే ఇంకో గజం కొనొచ్చు.
ఈ రేకు ఏ కొట్లో కొలిచిస్తారు?

రాత్రి గ్యారేజీలో దీపం వేసి
పల్చటి కాగితం పరిచి
అంచు వెంట దర్జీ సుద్దతో గీసింది.
సగానికి మడిచింది.
సగాలు కలవలేదు.
విప్పి మళ్ళీ మడిచింది.
ఎడమ పక్క నాలుగు మిల్లీమీటర్లు లోపలికి.

ఎనభై మూడు. వాన. చేపల లారీ.
తమ్ముడు ఓర్విన్ పెరట్లో
ఇసుక సంచి మీద రేకు పెట్టి
చెక్క సుత్తితో మూడు ఆదివారాలు కొట్టాడు.
"అక్కా, ముందులాగే ఉందా?"
ఉందంది.
ఇన్నేళ్ళూ ఉందనే అనుకుంది.

పొద్దున ట్రెవిన్ కాగితం చూసి
"రేకు సాపు చేయిద్దాం అత్తా" అన్నాడు.
"మీ నాన్న చేతిపని."
అంతే అంది.
డ్రిల్లు దాని పెట్టెలోకి వెళ్ళిపోయింది.

రేవులో ముసలి ప్లాట్‌జీస్
చొక్కా పడవలకి మాట్లు వేస్తాడు.
(ఇక్కడ చొక్కా అంటే తొడుక్కునేది కాదు,
రాత్రి దీపాలు పెట్టి పట్టే స్క్విడ్.
నాకు నవ్వొచ్చింది. ఎందుకో వాళ్ళకి చెప్పలేదు.)
కాగితం ఎత్తి వెలుగుకి పట్టాడు.
"ఇది వంకరగా ఉంది."
"నా కారూ అంతే."
"ఎత్తు?"
"బాతు తోకంత. ఎక్కువొద్దు."

రంగు వేయకముందే రెండుసార్లు తొడిగి చూసింది,
పెళ్ళిగౌనుకి చూసినట్టు, నోట్లో గుండుసూదులు లేవంతే.
మూడోసారి
సందులో నాణెం దూరలేదు,
కాగితం దూరలేదు,
ఆమె గోరు కూడా దూరలేదు.
ప్లాట్‌జీస్ డబ్బులు లెక్కపెట్టుకుంటూ
తను చేసిన పడవలేవీ ఇంత సతాయించలేదన్నాడు.

గాలి ఎత్తుగడని చెడగొడుతుంది కాబట్టి
దాని పేరు స్పాయిలరట.
ఆదివారం సముద్రం పక్క రోడ్డు మీద
వెర్నా నలభై దాటించలేదు.
"ఈ స్పీడుకి అదేం పని చెయ్యదత్తా!"
కిటికీలోంచి వచ్చిన హోరులో
ఆ మాట ఎటో కొట్టుకుపోయింది.

సిగ్నల్ దగ్గర ఆగి అద్దంలోకి చూసింది.
వెనక రోడ్డంతా కనిపిస్తోంది,
దాని అడుగున సన్నటి పసుపు అంచు,
ఒక పక్క
వెంట్రుకవాసి కిందికి.