నిద్ర మంజూరు

కాశీనగర్ వంతెన మూడో స్తంభానికి
చెప్పుల డబ్బా అంత పెట్టె బిగించి వచ్చాను, మాఘంలో.
లోపల వంశధార మట్టం చూసే కన్ను,
పక్కన గోరంత మాడ్యూల్, దాని నోట్లో ఒక సిమ్ము,
ఐదేళ్ళు వస్తుందని నేను కాగితం మీద లెక్కగట్టిన బ్యాటరీ.
యాభై రోజులకే మూగబోయింది.

రాయగడ నుంచి బండి మీద, గుణుపురంలో ఒక టీ తాగి,
కొత్త బ్యాటరీ సంచిలో వేసుకుని మళ్ళీ వచ్చాను.
నిచ్చెనెక్కి, మీటరును వరసలో కలిపి,
ఎండకు చెయ్యి అడ్డంపెట్టి చూశాను.
నిద్రలో ఇది తాగాల్సింది మూడు మైక్రోఆంపియర్లు,
చీమ గుటక.
తెర మీద పదిహేను మిల్లీ.
అంటే యాభై రాత్రులూ
కళ్ళు మూసుకుని మెలకువగా పడుకుంది.

నిద్ర దాని చేతిలో లేదు మరి.
ఆరు గంటలు పడుకుంటాను, పిలవకు, అని టవరును అడగాలి.
టవరు సరే అనాలి.
అవతలి గట్టున భామిని టవరు సరే అంటుంది.
ఇవతలి కొండ మీది టవరు
అన్నిటికీ జవాబిచ్చి ఆ ఒక్క మాటా వినపడనట్టు ఊరుకుంటుంది.
మంచు దిగితే ఇటు, మంచు విడిస్తే అటు.
పాతపట్నంలో చదివి పర్లాకిమిడిలో ఉద్యోగం అడిగినప్పుడు
నా సర్టిఫికెట్లూ ఇలాగే తిరిగాయి,
ఏ బల్ల దగ్గరా కాదనలేదు, ఏ బల్ల దగ్గరా ముద్ర పడలేదు.
దీన్ని భామినికే కట్టేశాను.

ఇంకొకటుంది, చెప్పుకోవాలంటే సిగ్గు.
బోర్డు మూల పచ్చ దీపం. నేనే పెట్టాను.
బతికే ఉన్నానని చెప్పడానికి రెండు మిల్లీ,
మూత బిగించిన పెట్టెలో, ఎవరికో మరి.
బతకడానికయ్యే ఖర్చుకు ఏడొందల రెట్లు.
టంకం కడ్డీ ఆనించి పీకేశాను.
కాలిన రోజనం వాసన కాసేపు ఏటి మీద నిలిచింది.

కింద నిచ్చెన పట్టుకున్న సొంబారు గొమాంగో
ముప్పై ఏళ్ళు ఈ ఏటి కొలబద్ద చదివిన మనిషి.
తలెత్తి అడిగాడు:
"ఇది తొంగుంటే ఏరెవులు సూత్తారు బాబూ?"

దీనికి లేపే కాలొకటుంది, అన్నాను.
ఫ్లోటు తీగ ఆ కాలికి కట్టాను.
నీరు ఎర్రగీత దాటితే తీగ లాగుతుంది.
ఒళ్ళంతా నిద్రపోయినా ఆ కాలు పోదు.

నవ్వాడు.
"నానూ అంతే. వానాకాలం రేవు మూడో మెట్టు మీద
కాలెట్టి తొంగునీవోణ్ణి. తడి తగిల్తే లెగిసీవోణ్ణి."
బీడీ కోసం జేబు తడుముకున్నాడు, తియ్యలేదు.
"ఒక్క రేత్రి జొరమొచ్చింది. కాలు తిమ్మిరెక్కిపోయింది."

ఏ సంవత్సరమో చెప్పలేదు.
రేవులో మూడో మెట్టు కోసం చూశాను,
రెండే కనిపించాయి.

సంచిలో అడుగున ఇంకో ఫ్లోటు ఉంది,
వేరే వంతెనకని తెచ్చింది.
దాన్నీ కట్టాను, జానెడు పైన, ఇంకో కాలికి.
మూత పెట్టేముందు మీటరు మూడున్నర చూపింది.
అర మైక్రో ఎక్కువ.
తాగనీ.