కుడి నుంచి ఎడమకి

పీచు కార్ఖానా మూతబడ్డాక
ఆ రేకుల షెడ్డుని నాన్న అద్దెకి తీసుకున్నాడు.
గోడల్లో ఇంకా కొబ్బరిపీచు వాసన,
వానొస్తే ఊరి బయటికొచ్చే వాసన.
తలుపు మీద సున్నంతో బడి పేరు
ఒకసారి హీబ్రూలో, ఒకసారి తెలుగులో.
తెలుగులోనే ఒత్తు తప్పు. ఎవరూ దిద్దలేదు.

హవల్దార్ యెహెజ్కేలు, రిటైర్డ్.
పద్దెనిమిదేళ్ళు మంచులో కాపలా కాసి
ఎడమ కాలి వేళ్ళు రెండు అక్కడే వదిలి
వశిష్ఠ గట్టు కింద ఈ రేవు ఊరికొచ్చి
పొద్దున తోరా, సాయంత్రం పెరేడు అన్నాడు.
పంటు మీద టిక్కెట్లు చించే అబ్బులు నవ్వాడు:
"ఇదేం బడండీ,
అటు పాస్టరూ అవ్వరు, ఇటు పోలీసూ అవ్వరు."

ఆరుగురు కుర్రాళ్ళు.
తెల్లారకుండా లాంతరు చుట్టూ చేరి
అలెఫ్, బేత్, గిమెల్ అంటూ
కుడి నుంచి ఎడమకి వేలు జరిపేవాళ్ళు.
నఫ్తాలి ఒక అక్షరాన్ని గొంతులోంచి లాగబోయి
దగ్గాడంటే చాపంతా తుంపర్లే.
"గోదారి తాగిన గొంతుల్రా ఇవి,
ఎడారి అక్షరం నెమ్మదిగా దిగుద్ది" అనేవాడు నాన్న.

సాయంత్రం గట్టు మీద అదే నాన్న, హిందీలో.
కవాతు ఎడమ కాలితో మొదలు.
"పొద్దున కుడి, సాయంత్రం ఎడమ.
మధ్యలో ఎక్కడ నిలబడాలండీ?"
అడిగింది బోయజు.
నాన్న చక్కెరకేళీ ఒకటి వలిచి
వాడి చేతిలో పెట్టాడు.

స్టాప్‌వాచీ నాది.
మిలిటరీ క్యాంటీన్‌లో కొన్నది, నల్ల తాడుతో.
తాటి మొద్దు నుంచి ఇటికల బట్టీ దాకా,
మళ్ళీ మొద్దు దాకా, పదహారు వందల మీటర్లు.
వాళ్ళ రొప్పుల్ని అంకెలు చేసి
నోటుబుక్కులో రాసేదాన్ని.
నేనూ పరిగెడతానంటే
"మరి వాచీ ఎవరు పడతారే?" అన్నాడు నాన్న.
నవ్వుతూనే.

శుక్రవారం పొద్దు కూకితే వాచీ గూట్లోకి.
శనివారం మాలో ఎవరి జేబులోనూ
తాళంచెవి కూడా ఉండదు.

ఆ ఆగస్టులో గోదారి ఎర్రగా లేచింది.
శనివారం మధ్యాహ్నం గట్టుకి బుంగ పడింది.
చదువుతున్న వాక్యం సగంలో ఆపి,
పుస్తకాన్ని ముద్దెట్టుకుని, మూసి
నాన్న పంచె ఎగ్గట్టాడు.
"ప్రాణం ముందురా. లేవండి."
ఆకాశంలో మూడు చుక్కలు కనపడేదాకా,
కనపడ్డాక కూడా
ఇసక బస్తాలు మోశారు ఆరుగురూ.
ఆ రాత్రి అబ్బులు క్యాను నిండా టీ తెచ్చాడు.
బడి సంగతి ఎత్తలేదు.

నవంబరులో కాకినాడ ర్యాలీ కాగితాలొచ్చాయి.
మాకు పడిన తేదీ శనివారం.

మళ్ళీ బోయజే.
"ఆవేళ బస్తా మోయొచ్చు,
ఈవేళ పరిగెత్తకూడదాండీ?"
నాన్న చేతిలో ఈసారి అరటిపండు లేదు.
వేళ్ళు లేని చోట కాలు గోక్కున్నాడు చాలాసేపు.
"గట్టు సంగతి నాకు తెలుసు.
ఇది తెలీదు" అన్నాడు.
హవల్దారు నోట ఆ మాట
మేం అంతకుముందు వినలేదు.

నలుగురు ముందురోజే పంటెక్కారు.
రేవు మెట్ల మీద కూర్చుని
నాన్న తనే వాళ్ళ బూట్ల తాళ్ళు బిగించాడు.
బోయజువి రెండుసార్లు.

మర్నాడు ఆరు చాపలూ పరిచాడు,
ఇద్దరికే చదివాడు.
ఆగస్టులో సగంలో ఆపిన వాక్యం దగ్గర
ఎందుకో మళ్ళీ ఆగాడు.

ఆదివారం. బట్టీ కనపడనంత మంచు.
నఫ్తాలి ఒక్కడే మొద్దు దగ్గర నిలబడి
"కెజియా, వాచీ తే" అన్నాడు.

ఐదు నిమిషాల పంతొమ్మిది సెకన్లు.
ఆ గట్టు మీద అంత తక్కువలో ఎవరూ రాలేదు.
మేజర్లు లేరు, ముద్ర కొట్టేవాళ్ళు లేరు,
గడ్డి మోపుతో ఒక ముసలావిడ
దారి కోసం పక్కకి జరిగింది, అంతే.
అంకె రాసుకున్నాను.

మోకాళ్ళ మీద చేతులాన్చి
ఊపిరి కూడదీసుకుని వాడు చెయ్యి చాపాడు.
"వాచీ ఇటియ్యి. ఇప్పుడు నువ్వు."

చెప్పులు మొద్దు పక్కన విడిచాను.
తడి మట్టి, చల్లగా.
ముందు ఏ కాలు వేశానో గుర్తు లేదు.