ఎడమ మార్జిన్

తిరువల్లిక్కేణిలో, మాన్షన్ల సందులో,
రెండు జెరాక్సు మిషన్లూ ఒక బైండింగు పంచీ.
మునిరత్నానికి సాహిత్యంతో పనిలేదు.
థీసిస్సులు, దావా కాగితాలు, ఎవరిదో జాతకాల కట్ట,
ఏది చేతికిస్తే దానికి చిల్లులు పొడుస్తాడు.

మూడోసారి తిరగరాసిన నవల పట్టుకెళ్లాను.
నాలుగు వందల పన్నెండు పేజీలు,
చంటిపిల్లని ఆస్పత్రికి ఎత్తుకెళ్లినట్టు
కొంగు కప్పి, మే నెల ఎండలో.

సాయంత్రం రమ్మన్నాడు.
సాయంత్రానికి చదివేశాడు.
అంతా కాదు. కరెంటు లేనంతసేపు, మెట్టు మీద కూర్చుని.

"ఏమ్మా, నలభయ్యో పేజీ కాణ్ణించి
నూటపన్నెండు దాకా
ఎవురూ అన్నం తినలేదే?
కతలో మూడు దినాలయ్యుండాది.
ఆయమ్మి ఆలోచన చేస్తానే ఉండాది, చేస్తానే ఉండాది.
కడుపు కాలదా?"

నవ్వాను. లోపల మండింది.
అది అంతర్మథనం అని చెప్పబోయాను.
అతను స్టాప్లరు వెతుక్కుంటున్నాడు.

పరక్కుం రైలు అంటారిక్కడ, పేరే గానీ ఎగరదు.
కింద కాలవ నల్లగా, కదలకుండా.
ఎదుటి సీట్లో ఒకామె డబ్బా తెరిచి
నిమ్మకాయన్నం తింటోంది.
వేరుశనగ గింజలన్నీ ఏరి ఓ మూలకి నెడుతోంది,
చివర్లో తినడానికో, పారెయ్యడానికో.
నా స్టేషను దాటిపోయినా దిగలేదు నేను.
మందవెలి దగ్గర మూత పెట్టేసింది,
గింజలు గింజలుగానే లోపలుంచి.
ఎవరికో.

అంత ఉత్కంఠ నా డెబ్బై పేజీల్లో లేదు.

ఆ రాత్రి కుముదకి పెరుగన్నం పెట్టాను.
ఊరగాయ లేదన్నాను, ఊరికే, ఏం చేస్తుందోనని.
లేచి పక్కింటికి వెళ్లింది.
నేను పంపలేదు.
నాలుగేళ్లుగా ఆ వీధిని రాస్తున్నాను,
ఆ తలుపు ఒక్కసారీ తట్టలేదు.
తీసినామె చేతికి కట్టు ఉంది.
కుముద ఊరగాయ మర్చిపోయింది.
నేను ఎప్పుడో రాసి దాచుకున్న ఆఖరి అధ్యాయాన్ని.

జూన్లో మళ్లీ అదే కొట్టు.
పంచి మీట నొక్కుతూ తిట్టాడు:
"ఎడంపక్క చోటిడవమని ఎన్నితూర్లు చెప్పేది?
కాగితమంతా నువ్వే నింపేస్తే
కమ్మి యాడ దూరాల?"

ఇంటికొచ్చి చూసుకుంటే
‘తలుపు గడియ పెట్టుకుని
ఏడ్చింది’ అని రాసిన చోట
ఏడుపు మీద పడింది చిల్లు.
గడియ ఒక్కటే మిగిలింది.
చాలుననిపించింది.

అన్నిసార్లూ కాదులే.
రెండొందల ఆరో పేజీలో
అదే చిల్లు పక్కింటామె పేరు మింగేసింది.
ఆ తర్వాత ఎవరు ఎవరిని కొట్టారో
రాసిన నాకే అర్థం కాలేదు.
నీలం సిరాతో, చిల్లు పక్క ఇరుకులో,
ఆ పేరు మళ్లీ కూర్చుని రాశాను.
ఏ మాట పోవచ్చో, ఏది పోకూడదో
ముందే చెప్పే పంచి ఇంకా రాలేదు బజారులోకి.

నవల ఎలా రాయాలని అడిగావు కదా, కళాధరా,
నీ సంచిలో అప్పుడే మూడొందల పేజీలున్నాయని
భుజం వంగడం చూసే తెలుసుకున్నాను.
నాకు తెలిసింది ఇంతే.
మీ వాళ్లకి వేళకి అన్నం పెట్టు.
ఏదో ఒకటి తక్కువ చెయ్యి, ఉప్పో, ఊరగాయో.
వాళ్లు లేచి ఎటు వెళ్తే అటు వెళ్లు,
నీ రైలు దాటిపోయినా సరే.

ఇంకేదైనా ఉంటే మునిరత్నాన్ని అడుగు.
పంచి కింద డబ్బాలో
గుండ్రటి కాగితం ముక్కలుంటాయి, సున్నాల్లాగా,
ఒక్కోదాని మీద సగం అక్షరం.
థీసిస్సులవీ, దావాలవీ, నావీ కలిసిపోయి.
ఒకసారి గుప్పెడు తీసి అడిగాను,
"వీటిలో నావేవో చెప్పగలవా?"

"అరవై రూపాయలమ్మా," అన్నాడు,
"చిల్లరుందా?"