చప్పుడు లేని బండి

పాతపట్నం దాటి పర్లాకిమిడి మొదలయ్యే మలుపులో
నా పంచర్ కొట్టు.
మేకుకి ఒడియా రాదు, తెలుగూ రాదు,
దిగబడడం ఒక్కటే వచ్చు.
ట్యూబు తొట్టిలో ముంచి బుడగ కోసం నే చూస్తుంటే
బండి తాలూకు మనిషి బల్ల మీద కూచుని
అడక్కుండానే ఏదో ఒకటి చెప్తాడు.
గాలి ఎక్కడో ఒకచోట పోవాలి కదా.

పాణిగ్రాహి మాస్టారు లోను మీద కారు కొన్నారు.
నెలలో ఇరవయ్యారు రోజులు దానికి దుప్పటి.
సంతకి మాత్రం సంచి పట్టుకుని నడిచే వెళ్తారు.
"కారుంటే అదో ధైర్యం తవిటయ్యా" అంటారు
చెమట తుడుచుకుంటూ.

గుమ్మా కొండల నించి దిగే సవర కుర్రాడు జునేసు
తన బ్యాటరీ బండి మీద ఒట్టేసి చెప్తాడు:
ఎక్కేటప్పుడు ఆయాసపడ్డ బండి
దిగేటప్పుడు ఘాటీని మేసి కడుపు నింపుకుంటుందట.
"మరి కరెంటు లేని రాత్రి?"
"నాతోపాటే పస్తు."

కొమ్ముతో కొంగల్నీ రొయ్యల్నీ చెక్కే దండపాణి మహారణా
దాని చుట్టూ ఒకసారి తిరిగి
"కొమ్ముల్లేని ఎద్దు. నమ్మకూడదు" అన్నాడు.
అందరం నవ్వాం.

రోడ్డుకి అవతల అసిరమ్మ చోడి అంబలి అమ్ముతుంది.
రెండు కళ్లలోనూ పొర.
నలభై ఏళ్లుగా చెవులతోనే రోడ్డు దాటుతోంది.
"టెక్కలి బస్సు. పొగగొట్టానికి దగ్గింకా తగ్గనేదు."
"రాళ్ల లారీ. బరువు మీదుంది, ఆగు."
డ్రైవరు పెళ్లాంతో పోట్లాడొచ్చాడో లేదో కూడా
గేరు మార్చిన చప్పుడుని బట్టి చెప్పేది.

ఆవేళ దీపాలు పెట్టే పొద్దుకి
రోడ్డు ఖాళీగా వినిపించిందామెకి.
అడుగేసింది.

కుండ పగిలిన చప్పుడే నాకు ముందు వినపడింది.

తెల్ల స్కూటరు. పెద్దాసుపత్రి నర్సు లిప్సా.
హెల్మెట్ తియ్యకుండా అందులోనే ఏడుస్తోంది,
అద్దానికి లోపల్నించి మబ్బు పట్టింది.

జనం మూగారు. రెండు భాషల్లోనూ తీర్పులు.
పిల్లదే తప్పు. ముసిల్దే తప్పు. మూగబండిదే తప్పు.
స్తంభానికి బల్బు పెట్టనివాళ్లది.
ఆ స్తంభం ఏ రాష్ట్రానిదో తేలలేదు.
హెల్మెట్ మోచేతికి తగిలించుకున్న ఒకాయన
రోడ్డు భద్రత గురించి చాలాసేపు మాట్లాడాడు.
చప్పుడు చేసుకుంటూనే వచ్చిన లారీల కింద
ఈ మలుపులో ఎందరు పోయారో నాకు తెలుసు.
నేనేమీ అనలేదు.
ఆ పిల్లే అసిరమ్మ పాదం ఒళ్లో పెట్టుకుని
చున్నీ చింపి కట్టు కట్టింది.
దన్నుకి పెట్టిన అట్టముక్కలు నా కొట్లోవి.

మర్నాడు బండి తోసుకుంటూ వచ్చింది.
చూస్తే గాలి సరిగ్గానే ఉంది.
"సబ్దం వచ్చేది ఏదైనా కట్టు భాయ్" అంది వచ్చీరాని తెలుగులో.
అటక మీద మా అయ్య ఎడ్ల మువ్వలు.
ఎడ్లు పోయి పదేళ్లు. అమ్మడానికి మనసొప్పలేదు,
ఉంచడానికి చోటూ లేదు.
చిలుం వదిలించి వెనక చక్రం పక్కన బిగించాను.
డబ్బులు తీసుకోలేదు. అది పంచరు కాదు కదా.

ఇప్పుడు బల్ల మీద కొత్త మాటలు.
లక్షా పాతిక వేల బండికి మువ్వలా అని ఒకరు.
కంపెనీవాళ్లే ఒక ఈల పెట్టివ్వాలని జునేసు.
"మువ్వలు కట్టమని నే ముందే చెప్పలా?" అంటాడు దండపాణి,
చెప్పకపోయినా.
మాస్టారు కారు దుప్పటి ఉతికించారు.

నన్నూ అడుగుతారు, నువ్వే బండి కొంటావు తవిటయ్యా అని.
ఇన్ని బళ్ల గాలి తీసి చూసినోణ్ణి,
సైకిలు చాలంటాను. అబద్ధం.
జునేసు బండి ఒకసారి అడిగి నడిపాను,
అర్ధరాత్రి, ఎవరూ చూడకుండా, వంతెన దాకా.
మహేంద్రతనయ నీళ్ల చప్పుడు
అంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు.

సాయంత్రం ఆరున్నరకి గల్లు గల్లు.
ఎడ్లు లేని రోడ్డు మీద ఎడ్లొస్తున్నట్టు.
కట్టుకాలు పీట మీద పెట్టుకున్న అసిరమ్మ
తల తిప్పకుండానే అంటుంది:
"నా కాలిరగ్గొట్టిన గుంట వస్తంది.
గలాసు కడగండి."