ఆది జాకెట్టు

నర్సాపురం స్టీమర్ రోడ్డులో
సైకిల్ షాపు పక్క మెట్లెక్కితే దయామణి మిషను.
కవరులోంచి తీసి ఇచ్చాను ఆది జాకెట్టు,
మెంతి రంగుది, చంకల్లో వెలిసింది.
ఆవిడ దాన్ని వెలుగుకి ఎత్తి
"ఇదెవరిదండీ?" అంది.
నాదే అన్నాను.
"ఆయ్, మీదే. అప్పటి మీది."

ఈ మెట్లెక్కడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.
రైసు మిల్లులో పద్దులు రాస్తాను,
పొద్దున్నుంచి కుర్చీలోనే.
టీ ఇస్తారు, బిస్కట్లు ఇస్తారు,
కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే లావెక్కాను.
అదీ ఒక పద్ధతిలో కాదు.
మొహం మారలేదు, కాళ్ళు కర్రల్లానే ఉన్నాయి.
అంతా జబ్బలకీ, పొట్టకీ,
వీపున జాకెట్టు పట్టీ కిందకీ చేరింది,
మా మేనత్త సూరమ్మకి చేరినట్టు.
పొలం తమ్ముళ్ళకి పోయింది గానీ
ఆవిడ జబ్బలు మాత్రం నాకే రాసిచ్చింది.

తోడికోడలు సుగుణ సన్నగా ఉంటుంది,
సలహాలు లావుగా ఇస్తుంది.
ముదురు రంగులు కట్టు.
పెద్ద పూలు వద్దు, అడ్డ చారలు అసలే వద్దు.
అంచు చిన్నది చూడు.
ఫొటోలో పక్కకి తిరుగు.
ఆవిడ వద్దన్నవన్నీ తీసేస్తే
బీరువాలో మిగిలింది
ఒక నేవీ బ్లూ, ఒక గొడుగు.

దయామణి టేపు తీసింది.
అంకెలు గట్టిగా చదువుతుందేమోనని
కింద సైకిల్ షాపు వాళ్ళ నవ్వులు వింటూ
పొట్ట లోపలికి లాగాను.
"వదిలెయ్యండి.
ఇప్పుడు లాగితే
పెళ్ళిలో భోజనాలయ్యేదాకా లాగాలి మీరు."
వదిలేశాను.
చల్లటి టేపు చుట్టూ తిరిగొచ్చింది.
పైకి చదవలేదు. రాసుకుంది.

"చెయ్యి ఎక్కడ లావో
అక్కడే జాకెట్టు చెయ్యి ఆపకూడదండీ,
మోచేతి పైదాకా దించుదాం.
మెడ కాస్త కోసుగా పెడదాం.
భుజం కుట్టు అరంగుళం ముందుకి తెస్తాను."
ఆవిడది లంక ఊరు.
"ఏట్లో నీళ్ళు నెమ్మదించిన చోట మేట వేస్తుంది.
ఏటిని తిడతామా? పడవని తిప్పుకుంటాం."
నాకు నవ్వు రాలేదు.
మేట మీద వాళ్ళు దొండ పాదులన్నా వేస్తారు,
నేనేం వెయ్యను?

పాత పుస్తకంలో నా పేజీ తీసింది.
పద్దులు రాసేదాన్ని,
అంకెలు తలకిందులుగానైనా చదవగలను.
ముప్పైరెండు: పెళ్ళి జాకెట్లు, ఆరు.
ముప్పైయారు: బాలింత, ముందు హుక్కులు.
ముప్పైయెనిమిది: రెండోది.
తర్వాత మళ్ళీ ముప్పైనాలుగు.

ఆ ముప్పైనాలుగు ఏడాది నాకు గుర్తే.
అందరూ ఎంత బాగున్నావన్నారు.
ఏం తింటున్నావు, ఎక్కడ నడుస్తున్నావు అన్నారు.
సుగుణ నా నడుం పట్టుకుని చూసింది.
భీమవరం ఆసుపత్రిలో
అమ్మ మంచం కింద చాప వేసుకుని నేను పడుకున్న ఏడాది.
ఆవిడకి మెతుకు దిగలేదు, నాకూ దిగలేదు.
పెద్దకర్మనాడు కట్టిన చీరలో
ఎప్పుడూ లేనంత అందంగా ఉన్నానట.

అంకె పక్కన పెన్సిలుతో చిన్న అక్షరాలు:
తిండి లేదు.
లోపల మూడు వేళ్ళ గుడ్డ వదిలాను.
మళ్ళీ వస్తుంది.

నేనేమీ అడగలేదు.
కింద ఇవాళ్టి అంకె వేసి
పక్కన ఏదో రాసింది,
అరచెయ్యి అడ్డమొచ్చి కనిపించలేదు.
"ఈ పాతది ఏం చెయ్యమంటారు?"
మిషను తుడుచుకోండి అందామనుకున్నాను.
కవరులో పెట్టి తెచ్చేసుకున్నాను.

గురువారం ఇచ్చింది.
మిరపపండు రంగు,
సుగుణ వద్దన్న పెద్ద పూల చీర మీదకి.
పాలకొల్లు బస్సులో సీటు లేదు.
పై కడ్డీ పట్టుకున్నాను.
చెయ్యి భుజం దాకా పైకి లేచింది,
చంకలో ఏదీ పర్రుమనలేదు.
వెనకెవరో "కాస్త జరగండమ్మా" అన్నారు.
జరిగాను,
కుదిరినంత.