పచ్చి దవడ

పొందూరులో నూలు వడికే ముందు
వాలుగ చేప దవడతో పత్తి దువ్వుతారు.
పంటికీ పంటికీ నడుమ ఎంత ఎడముందో
ఆరు దవడలు తెచ్చి, వెర్నియర్ పెట్టి కొలిచి
పద్నాలుగు పేజీలు రాశాను.

పత్రికకు పంపాను.
పదకొండు నెలలు.
నాగావళి ఒకసారి పొంగింది, తీసింది,
ఇసుక మళ్లీ తేలింది.
చివరికి పేరు లేని ఇద్దరు పలికారు.
ఒకరు: "ఇంగ్లీషు బాగు చేయవలెను."
రెండోవారు: "ప్రాంతీయ ఆసక్తి మాత్రమే."
దవడ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

విసిగి, లెక్కలతో సహా వ్యాసాన్ని
కంప్యూటర్ల వలలో వదిలాను,
చేప మీద రాసిందే గదా, ఈదుతుందని.
మాట్లాడేవాళ్లు పేరు పెట్టి మాట్లాడాలి,
అదొక్కటే షరతు.

మొదట మా ఎచ్చెర్ల కుర్రాడు: "సూపర్ సార్."
వాడి ఇంటర్నల్ మార్కులు నా చేతిలో ఉన్నాయి.
తర్వాత ఎవరో ఒకాయన చదవకుండానే తిట్టాడు,
నిండు పేరుతో, ఇంటిపేరుతో సహా.
నాలుగో రోజు రాత్రి
ఎక్కడో చలిదేశంలో ఎముకలు చదివే ఇంగ్రిడ్:
"మూడో పట్టికలో చుక్క ఒక అంకె జారింది."
లేచి చూశాను. జారింది.
పేరు లేని ఇద్దరి కళ్ల ముందునుంచే జారింది.

ఆపైన ఒక గొంతు. బల్ల అప్పలనరసమ్మ.
మనవరాలు ఫోన్లో చదివి, తెలుగు చేసి వినిపించిందట.
వెనకాల రాట్నం చప్పుడు.
"బాబూ, నువ్వు కొలిసింది పచ్చి దవడ.
నాల్రోజులు ఎండితే గాని అది దువ్వెన కాదు.
ఎండితే పళ్లు దగ్గరకొచ్చెత్తాయి.
ఆ మాట నన్నడిగితే సెప్పీదాన్ని కదేటి?"

ల్యాబులో స్పిరిట్ సీసాలోంచి తీసి
ఆరింటినీ డాబా మీద ఆరబెట్టాను.
ఒకటి కాకి ఎత్తుకుపోయింది.
నమూనాలు చాలవని ఎవరైనా అంటే
ఇక కాదనలేను.
మళ్లీ కొలిచాను. ఆవిడదే నిజం.

దిద్దినది తిరిగి పంపబోతే
సరిచూసినవారి వివరాలు అడిగింది ఫారం.
పేరు రాశాను.
డిగ్రీ: లేదు. ఎర్రగీత.
సంస్థ: పొందూరు, ఇంటి అరుగు. ఎర్రగీత.
సమవుజ్జీ అంటే ఎవరికి ఎవరో
ఆ గడికి తెలియదు.
నాకూ మొన్నటిదాకా తెలియదు.

రేపు పొద్దున్న పాసింజరుకి పోతున్నాను.
సంచిలో ఐదు దవడలు, ఇంకా స్పిరిట్ వాసన.
ఒకదానికి పన్ను కదులుతోంది,
దువ్వడానికి పనికొస్తుందో లేదో.
అడగాలి.